దించని నూనె

చిత్తూరు,
8-7-1946

శకుంతలా,

నువ్వు బాగున్నావని తలుస్తాను. నేను బాగానే ఉన్నాను గాని, నిన్నటి నుంచి నా మనసు మనసులో లేదు.

నిన్న మా నాయన వచ్చాడు. కోర్టు పని ఉన్న మదరాసు వాళ్ళెవరినో రేణిగుంట స్టేషనులో ఎక్కించుకుని మీ బాడుగ కారులో చిత్తూరు తెచ్చాడట. వాళ్ళు కోర్టులోకి పోగానే, నన్ను చూసి పోదామని ట్రెయినింగు స్కూలు గేటు దాకా కారు తెచ్చి ఆపాడు. హాస్టలు పిల్లలంతా గోడ మీంచి తొంగి చూస్తుంటే నాకూ కాస్త గొప్పగానే అనిపించింది. మా ఇంట్లో బడికి పోయిన మొదటిదాన్ని నేను. ఊళ్ళో కారు తోలిన మొదటివాడు మా నాయన. ఇద్దరం ఒకచోట నిలబడితే చూడనీలే అనుకున్నాను.

ముందు సీటులో కూర్చోబెట్టాడు. అప్పుడు చూశాను శకుంతలా. గేరు కడ్డీకి నాయన తుండుగుడ్డ ముడివేసి ఉంది. దాని రెండో కొస సీటు కింద ఇనుప కమ్మీకి కట్టి ఉంది.

"ఇదేంది నాయనా?" అన్నాను.

"దానికి రవంత పొగరమ్మా. కొండ దిగేటప్పుడు రెండో గేరులో ఉండమంటే ఉండదు. ఎగిరి బయటికొస్తాది. అందుకే పలుపు వేసినా. ఎద్దుకు వెయ్యమా?"

"బయటికొస్తే ఏమవుతుంది?"

"ఏమవుతాది, బండి దానంతట అది పోతాది. బ్రేకులుండాయి గదా!"

నవ్వుతూ చెప్పాడు. నువ్వూ ఆ కొత్త ఘాటు రోడ్డు మీద పోయావు కదా, ఒక పక్క కొండ, ఇంకో పక్క ఏమీ లేదు. మలుపు మలుపుకూ చెట్ల కొనలు మన కాళ్ళ కింద కనిపిస్తాయి. దాని మీద రోజూ మనుషులను ఎక్కించుకుని, గేరును గుడ్డతో కట్టుకుని దిగుతున్నాడు మా నాయన.

నాయన వెళ్ళాక మా తరగతి అమ్మాయి ఒకతెను తోడు తీసుకుని బస్‌స్టాండు వెనక మోటారు షెడ్డుకు పోయాను. ఆడపిల్లలం షెడ్డులో అడుగు పెడితే అందరూ పని ఆపి చూశారు. శాంతయ్య అనే ఆయన దాని యజమాని. "ఏమ్మా టీచరమ్మా, కారు కొంటాండావా?" అని ఎగతాళి చేశాడు గాని, విషయం చెప్పేసరికి నవ్వు మానేశాడు.

గేరు పెట్టెలో పళ్ళ చక్రాలు నూనెలో మునిగి తిరుగుతాయట. ఆ నూనె ఆముదంలా బంకగా ఉన్నన్నాళ్ళే పళ్ళను కాపాడుతుందట. పాతబడితే పలచబడుతుంది, పళ్ళు అరుగుతాయి. అరిగిన పళ్ళు ఒకదాన్నొకటి పట్టుకోలేవు.

"ఎప్పుడు మార్చాలి?" అని అడిగాను.

"నేల మీద తిరిగే బండికి ఏడాదికోసారి మారిస్తే సాలమ్మా. కొండెక్కే బండికి అట్ల కాదు. రెండు మూడు నెలలకే కింది బిరడా విప్పి, ఆ నూనెను వేళ్ళ మధ్యన రుద్ది సూడల్ల. బంక పోయి నీళ్ళ మాదిరి ఉన్నా, మెరుపు కనపడినా, ఆ పొద్దే దించేయల్ల. గేరు ఎగరతాండాదంటే ఎప్పుడో దించాల్సిందమ్మా అది!"

మీ మామ దొరస్వామిగారు కారు యజమాని, నువ్వు ఆ ఇంటి కోడలివి. ఆయన చెవిన ఒక్క మాట వెయ్యి. మా నాయన తానుగా అడగడు, నూనె కోసం యజమానిని అడగడం నామోషీ అనుకుంటాడు. ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నాం, ఆ చనువుతో అడుగుతున్నాను.

నీ
మునెమ్మ


తిరుపతి,
15-7-1946

మునెమ్మా,

నీ ఉత్తరమంతా చదివి నా గురించి ఒక్క ముక్కయినా ఉందేమోనని వెతికాను. అంతా గేరూ నూనే! సరే, నువ్వు అడగకపోయినా చెబుతాను. నాకు నెల తప్పింది. మా అత్తగారు నన్ను మెట్టు దిగనివ్వడం లేదు. మామిడికాయ ఊరగాయ జాడీ అటక మీదికి ఎక్కింది. నాకు అందకుండా అట! నేను స్టూలు వేసుకుని ఎక్కానని తెలిస్తే నన్నూ పలుపు వేసి కడుతుంది.

నువ్వు చెప్పిన సంగతి మామగారితో అన్నాను. విని ఊరుకున్నారు. ఆయన పిసినారి కాదు, నీకు తెలుసు. నూనె దొరకకపోవడమూ కాదు. ఏవో అడ్డంకులున్నాయి. అవి తీరాక మారుస్తారు. ఇంతకన్నా నన్ను అడగకు.

మీ నాయన కులాసాగా ఉన్నాడు. నిన్న కంచి వాళ్ళెవరో కొండకు పోయి వచ్చి, దిగేటప్పుడు కళ్ళు మూసుకుని గోవిందలు చెప్పుకున్నామని మా అత్తగారితో అంటుంటే, "మీరు మూసుకున్నా ఫర్వాలేదమ్మా, నేను తెరుచుకునే ఉంటిని" అన్నాడు. అందరం నవ్వాం.

ఈ నూనె సంగతి మీ నాయనకు మాత్రం రాయొద్దు. ఎలాగూ ఆయనకు ఉత్తరాలు చదివి వినిపించేది నేనే కదా. నువ్వు చదువు మీద దృష్టి పెట్టు. ఇంకో ఏడాది ఉందంతే.

నీ
శకుంతల


చిత్తూరు,
20-8-1946

శకుంతలమ్మ గారికి,

మునెమ్మ నమస్కారాలు.

మా హాస్టలు వార్డెను తిరుమలమ్మగారు మొక్కు తీర్చుకోవడానికి పోయిన వారం కొండకు వెళ్ళారు. ఈ ఉదయం గుండుతో, చేతికి కట్టుతో తిరిగి వచ్చారు. పిల్లలందరం చుట్టూ చేరి ఏమైందని అడిగాం.

ఆమె చెప్పినదంతా రాస్తున్నాను. మీకు కొత్త కాకపోవచ్చు.

కొండ దిగుతుండగా కారులో ఏదో ఫట్టున తెగిన చప్పుడైందట. చూస్తే గేరుకు కట్టిన తుండుగుడ్డ. ఆ వెంటనే ఇంజను గోల ఆగిపోయిందట. "అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు" అన్నారు ఆమె. గాలి చప్పుడు తప్ప ఇంకేమీ లేదట. కారు మాత్రం పరుగు తీస్తోందట. బ్రేకు తొక్కితే కాలిన వాసన వచ్చిందట గాని, కారు ఆగలేదట. లోయ వైపు మలుపు వచ్చేలోగా డ్రైవరు కారును కొండ వైపు కాలువలోకి తిప్పి రాళ్ళకు తగిలించి ఆపాడట. కారులో ఉన్న ముసలాయన నుదురు చిట్లింది. ఈమె మణికట్టు తొలిగింది.

"డ్రైవరు మంచివాడు పాపం," అన్నారు తిరుమలమ్మగారు. "ఎక్కినప్పటి నుంచీ వాళ్ళమ్మాయి చిత్తూరులో టీచరు ట్రెయినింగు చదువుతోందని ఒకటే మురిపెం. కారు కాలువలో పడ్డాక కూడా నా చెయ్యి పట్టుకుని, 'అమ్మా, నా బిడ్డకు తెలిస్తే బెదిరిపోతాది, ఆడ ఎవురికీ సెప్పద్దండి' అన్నాడు."

అంటూనే ఆగి నా మొహం చూశారు. "నువ్వా?" అన్నారు.

నేను తల ఊపాను.

శకుంతలమ్మగారూ, ఇది జరిగి వారమైంది. మీ ఇంటి కారు, మీ ఇంటి షెడ్డు. మీ వసారాలో కూర్చుంటే కనిపించే కారు. దాని మూతి సొట్టపోయి వస్తే మీరు చూడలేదా? మధ్యలో మీ కార్డు ఒకటి వచ్చింది. అందులో మీ అత్తగారు పెసరట్టు మానిపించారని ఉంది. మా నాయన చావు తప్పి బయటపడ్డాడని లేదు.

"ఏవో అడ్డంకులు" అని రాశారు. ఆ అడ్డంకి ఏమిటో నాకిప్పుడు తెలిసింది. డ్రైవరు మీ మనిషి కాడు, అదే అడ్డంకి. మీ ఆయన తోలుతూ ఉంటే ఆ నూనె అలాగే ఉంచేవారా?

ఈ మధ్యాహ్నం కలెక్టరు కచ్చేరి పక్కనున్న మోటారు ఇన్‌స్పెక్టరు ఆఫీసులో అర్జీ ఇచ్చి వచ్చాను. నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషులో నేనే రాశాను. ఫలానా కారు యజమాని దొరస్వామిగారు గేరు నూనె మార్చకుండా కొండ మీదికి జనాన్ని పంపుతున్నారు, గేరు పెట్టె విప్పించి చూడవలసింది అని. మీకు తెలియకుండా చేయడం ఇష్టం లేక తెలియజేస్తున్నాను.

ఇట్లు,
మునెమ్మ


తిరుపతి,
24-8-1946

ఎంత పని చేశావే మునెమ్మా!

నన్ను "గారు" అన్నావు. అది చదివి ఏడ్చాను. అర్జీ సంగతి చదివాక ఏడుపు కూడా ఆగిపోయింది.

ఇక దాచను. మాట తప్పినదాన్ని అయినా సరే.

నూనె మార్చనివ్వనిది మా మామగారు కాదు, మీ నాయన.

ఉగాది దాటగానే మామగారు మదరాసు నుంచి గేరు నూనె డబ్బా తెప్పించారు. మూత కూడా తీయకుండా అది ఈ రోజుకీ షెడ్డు మూల ఉంది. మెకానిక్‌ను పిలిపించి, మీ నాయనతో "పెంచలయ్యా, కారు గోల పెడతాంది, నూనె దించేద్దాం" అన్నారు. మెకానిక్ కారు కిందికి దూరుతుంటే మీ నాయన వాడి రెండు కాళ్ళూ పట్టుకుని బయటికి ఈడ్చాడు. నేను ఈ కళ్ళతో చూశాను. అంత నెమ్మదస్తుడు!

"దాన్ని దించద్దయ్యా! దించితే నా బిడ్డ సదువు దించినట్లే!" అన్నాడు.

పోయిన ఏడు నువ్వు ట్రెయినింగుకు బయలుదేరిన రోజు గుర్తుందా? మీ పెద్దనాయన వాకిట్లో నిలబడి, ఆడబిడ్డను ఊరు దాటిస్తే అది అటే పోతుందని, ఏడాది తిరక్కుండా ఏడుస్తూ వస్తుందని అన్నాడట కదా. నిన్ను బండెక్కించి మీ నాయన నేరుగా అలిపిరికి పోయాడు. అక్కడి దీపం కుందిలోంచి కాస్త నూనె సీసాలో అడిగి తెచ్చుకున్నాడు. తెచ్చి గేరు పెట్టెలో పోశాడు. నీ చదువు ముగిసేదాకా ఆ నూనె దించనని, ముగిశాక నిన్ను ఆ కారులోనే కొండెక్కించి ఆ తర్వాతే దించుతానని మొక్కుకున్నాడు.

"గేర్లోనే ఎందుకు పోశావయ్యా?" అని మామగారు అడిగితే ఏమన్నాడో తెలుసా? "ఎక్కించేది ఇంజను అయ్యా, పడకుండా దించేది గేరు. నా బిడ్డ ఎక్కతాండాది. పడకుండా ఉండల్ల గదా" అన్నాడు.

స్వామి దీపం నూనె అనేసరికి మామగారు కూడా వెనక్కి తగ్గారు. ఆయనా భయస్తుడే. దాన్ని నేల మీద పారబోయించిన పాపం నాకెందుకు అనుకున్నారు. తగ్గినప్పుడల్లా షెడ్డులో మిగిలిన పాత డబ్బాలోంచి పైన ఇంకాస్త పోయించారు అంతే.

నీకు చెప్పొద్దని మీ నాయన నా చేత ఒట్టు వేయించుకున్నాడు. "తెలిస్తే నా కోసరం సదువు మానుకోని వచ్చేస్తాది, దాని సంగతి నీకు తెలీదా" అన్నాడు. తెలుసు కాబట్టే నోరు మూసుకున్నాను.

కాలువలో పడిన రోజు మామగారు ఇక చాలన్నారు. "సామి కాపాడినాడు గదయ్యా, ఇంకేం సాక్ష్యం కావల్ల?" అని మీ నాయన ఎదురు ప్రశ్న వేశాడు. ఇప్పుడు తుండుగుడ్డకు బదులు తోలు పటకా కట్టాడు.

ఇన్‌స్పెక్టరు వస్తే మొదట అడిగేది నూనె ఎందుకు మార్చలేదనే. మామగారు అబద్ధం చెప్పరు. మీ నాయన అసలే చెప్పడు. లైసెన్సు పోతే ఆయన ఇంకేం పని చేయగలడు? కారు తోలడం తప్ప ఆయనకు ఏమైనా వచ్చా?

పరుగెత్తి ఆ అర్జీ వెనక్కి తీసుకో. నీకు దండం పెడతాను.

శకుంతల


చిత్తూరు,
29-8-1946

శకుంతలా,

నీ ఉత్తరం భోజనాల వేళ వచ్చింది. కలిపిన ముద్ద చేతిలోనే ఎండిపోయింది. ఆ మాటలన్నీ నిన్ను అన్నది నేనేనా అని ఉంది. మీ మామగారి పాదాలకు నా బదులు నువ్వు దండం పెట్టు. నేను వచ్చినప్పుడు మళ్ళీ పెడతాను.

నేను ఆయన ప్రాణం పోతుందని భయపడుతున్నాను, ఆయన నా చదువు పోతుందని భయపడుతున్నాడు. ఇద్దరం ఒకరికొకరు చెప్పుకోకుండా దాచాం. తరగతిలో నిలబడి మూఢనమ్మకాల మీద పాఠం చెప్పి మొన్ననే మెప్పు పొందాను. ఆ పూట కూడా మా నాయన నా పేరు మీద అరిగిన గేరుతో కొండ దిగుతూనే ఉన్నాడు.

మొదట పెట్టె సర్దాను. చదువు మానేస్తే మొక్కే ఉండదు, నూనె దించుతాడు అనుకున్నాను. పెట్టెకు తాళం వేశాక, ఇంటికి పోయి ఆయనకు ఆ మాట ఎలా చెప్పాలా అని ఆలోచించాను. మా పెద్దనాయన వాకిట్లో నిలబడి చూస్తూ ఉంటాడు. నాయన మొహం ఎలా ఉంటుందో ఊహించుకోలేకపోయాను. పెట్టె మళ్ళీ విప్పాను.

తర్వాత ఇన్‌స్పెక్టరు ఆఫీసుకు పోయాను. అర్జీ వెనక్కి తీసుకోవడానికే పోయాను, అబద్ధం చెప్పను. గుమాస్తా పరంధామయ్యగారు మంచివారు. "ఇంకా అయ్యవారి ముందుకు పోలేదమ్మా, సంతకం పెట్టి తీసుకుపో" అని నా కాగితం నా చేతికిచ్చారు.

చించడానికి రెండు చేతులతో పట్టుకున్నాను. నాకు తిరుమలమ్మగారి చేతి కట్టు గుర్తుకొచ్చింది. తోలు పటకా అని నువ్వు రాసిన మాట గుర్తుకొచ్చింది. ఇది చించి ఇంటికి పోతే మా నాయన లైసెన్సు ఉంటుంది. మా నాయన ఉంటాడా? వెనక సీట్లో కూర్చునేవాళ్ళకు ఆ పటకా గురించి ఎవరు చెబుతారు?

"అయ్యా, కలం ఇస్తారా?" అన్నాను.

దొరస్వామిగారి పేరు కొట్టేశాను. యజమాని నూనె తెచ్చి పెట్టాడు, దించవద్దని అడ్డుపడుతున్నది డ్రైవరు పెంచలయ్య అని రాశాను. ఈ డ్రైవరు నా తండ్రి, ఈ సంగతి తెలిసి రాస్తున్నాను అని కింద ఇంకో వాక్యం రాసి సంతకం చేశాను.

పరంధామయ్యగారు చదివి కళ్ళద్దాలు తీసేశారు. "సొంత నాయన మీదనా? నీకేమన్నా పిచ్చి పట్టిందా తల్లీ? ఇంట్లో పోయి సెప్పుకోకూడదా?"

"చెబితే వినడండీ. దేవుడి మాట అయిపోయింది అది."

ఆయన కాగితాన్ని రెండు వేళ్ళతో, ముట్టకూడనిదాన్ని పట్టుకున్నట్లు పట్టుకుపోయారు. నేను చేసింది నాకే నమ్మశక్యంగా లేదు.

ఇన్‌స్పెక్టరు చెప్పేలోగా నువ్వే మా నాయనకు చెప్పు. ఈ కింది ముక్క చదివి వినిపించు.

నాయనా, నీ మీద అర్జీ పెట్టింది నేనే. ఎవరూ నాకు నేర్పలేదు. నువ్వు మొక్కిన మొక్కు నాకు తెలిసింది. నా చదువు ఆ గేరులో లేదు నాయనా, నువ్వు పంపిన బడిలో ఉంది. నేను రోజూ చదువుతున్నాను, పోయిన పరీక్షలో తరగతిలో రెండోదాన్ని. నువ్వు ఒకరోజు కొండ మీంచి కిందికి రాకపోతే, నేను పాసయ్యానని ఎవరికి చెప్పుకునేది? నా మీద కోపం రానీ. నూనె మాత్రం దించు.

నీ
మునెమ్మ


తిరుపతి,
14-9-1946

మునెమ్మా,

ఏ రోజుకారోజు రాద్దామనుకున్నాను, చెయ్యి ఆడలేదు. జరిగినదంతా వరసగా చెబుతాను.

నీ ఉత్తరం మీ నాయనకు చదివి వినిపించాను. "మళ్ళా సదువు" అన్నాడు. మళ్ళీ చదివాను. "అర్జీ ఎవురు పెట్టినారంటివి?" అన్నాడు. "మునెమ్మే" అన్నాను. లేచి పోయి కారు కడగడం మొదలుపెట్టాడు. ఎంతసేపు కడిగాడో! మా అత్తగారు చూడలేక, "రంగు పోతాది నిలపయ్యా" అని కేక వేసింది.

ఇన్‌స్పెక్టరు మొన్న వచ్చారు. చిన్న వయసే గాని గట్టి మనిషి. మెకానిక్‌ను వెంట తెచ్చుకున్నారు. మీ నాయన అడ్డుపడతాడేమోనని మామగారు దగ్గరగా నిలబడ్డారు. అడ్డుపడలేదు. ఒకే ఒకటి అడిగాడు: "నేల మీద పడనియ్యకండయ్యా, పాత్ర పెట్టండి." మా అత్తగారు స్నానాల గదిలోని ఇత్తడి బేసిను తెచ్చి ఇచ్చింది.

బిరడా విప్పారు. అది నూనె కాదు మునెమ్మా. కుంకుడు రసం మాదిరి పలచగా, నల్లగా కారింది. ఎండ తగిలితే అందులో బంగారు పొడి కలిపినట్లు మెరిసింది. అదంతా అరిగిన లోహమేనట. చూస్తూ ఉండగానే చివర్లో బేసినులో ఠంగుమని ఏదో పడింది.

మెకానిక్ చేయి పెట్టి తీశాడు. నా బొటనవేలి గోరంత ఉక్కు ముక్క. ఇన్‌స్పెక్టరు దాన్ని అరచేతిలో పెట్టుకుని మీ నాయన ముందుకు చాపారు.

"ఇదేమిటో తెలుసా?"

"పన్నయ్యా. గేరు పన్ను."

"ఇది విరిగి ఎన్నాళ్ళయిందో తెలుసా నీకు? నువ్వు దీంతో జనాన్ని కొండ దించుతున్నావు!"

మీ నాయన దాన్ని చాలాసేపు చూశాడు. "సూసినారా అయ్యా," అన్నాడు మెల్లగా. "పన్ను ఇరిగినా దించినాడు సామి."

ఇన్‌స్పెక్టరు నిర్ఘాంతపోయారు. నాకయితే ఇక అయిపోయింది, ఈ మనిషిని ఎవరూ మార్చలేరు అనిపించింది.

వాకిలి పట్టుకుని నిలబడిన మా అత్తగారు నాగులమ్మగారు అప్పుడు నోరు తెరిచింది.

"పెంచలయ్యా, నువ్వు నూనె తెచ్చుకున్న ఆ దీపం అలిపిరిలో ఇంకా ఎలగతాందా?"

"ఎలగతాందమ్మా. దినామూ సూస్తాండాను గదా."

"నువ్వు తెచ్చుకున్న నాటి నూనే ఉండాదా దాంట్లో?"

మీ నాయన బేసిను వైపు చూశాడు.

"దినామూ మడ్డి తీసి, కుంది తోమి, కొత్త నూనె పోస్తాండారు. అందుకే ఎలగతాంది. నువ్వు ఆ మడ్డిని పెట్టుకోని సామి సామి అంటాండావు. బిడ్డ పేరు మీద మడ్డి పెట్టుకుంటారా అయ్యా ఎవురైనా?"

నిలబడినవాడు నిలబడినట్టే కారు మెట్టు మీద కూర్చుండిపోయాడు. ఆ విరిగిన పన్ను అడిగి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఆ ముసిలాయనకు నుదురు పగిలింది," అన్నాడు. "నా పక్కనే కూసోనుండె." ఆ తర్వాత చేతులతో మొహం కప్పుకున్నాడు. ఆయన ఏడవడం నేను మొదటిసారి చూశాను.

పళ్ళ చక్రాలు మార్చి, నూనె పోసి, మళ్ళీ తనకు చూపించేదాకా కారు కదలకూడదని ఇన్‌స్పెక్టరు రాశారు. మీ నాయన లైసెన్సు అంతదాకా తన దగ్గరే ఉంచుకుంటానన్నారు. రద్దు చేయలేదు మునెమ్మా. అది ముందు తెలుసుకుని ఊపిరి పీల్చుకో.

నీ అర్జీని ఆయన తెలుగులో చెప్పి వినిపించారు. ఇది నిజమేనా అని అడిగారు. నిజమేనన్నాడు మీ నాయన. వేలిముద్ర వేశాడు. వేశాక కదలకుండా అక్కడే నిలబడ్డాడు.

"ఇంకేమిటి?" అన్నారు ఇన్‌స్పెక్టరు.

"అయ్యా, దాన్ని ఇంగ్లీషులోనే ఒక తూరి సదవండి."

"నీకు అర్థం కాదు కదయ్యా!"

"కాదయ్యా. నా కూతురు రాసింది గదా. యింటాను."

ఆయన మామగారి వైపు చూసి, మళ్ళీ కాగితం తీసి చదివారు. మీ నాయన భుజం మీది తుండుగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, తల వంచి విన్నాడు. మధ్యలో "పెంచలయ్య" అని తన పేరు వచ్చినప్పుడు తల ఎత్తాడు. అయిపోయాక, "తప్పుల్లేకుండా రాసిందా అయ్యా?" అన్నాడు.

"ఒకటి రెండు ఉన్నాయి. బాగానే రాసింది."

"ఒకటి రెండేనంట," అన్నాడు మామగారితో.

నీకేమైనా రాయమంటావా అని అడిగితే, తర్వాత చూద్దాం అన్నాడు.

నీ
శకుంతల


తిరుపతి,
6-10-1946

(మీ నాయన చెబుతుంటే చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. నా మాట ఒక్కటీ కలపలేదు. శకుంతల)

అమ్మా మునెమ్మా,

నాకు నీ మీద కోపం ఉండాది. ఉంటాది ఇంకా కొన్ని దినాలు. నూటికి నూరు మందీ నా ఎనక నవ్వతాండారు, కూతురు పోలీసోళ్ళకు పట్టిచ్చిందని. మీ పెద్దనాయన పని గట్టుకోని వచ్చినాడు, "నేను సెప్పలా, సదివిస్తే ఇట్లే అవుతాదని" అన్నాడు. నేనన్నా, "అవునన్నా, నువ్వు సెప్పింది నిజమే, దానికి బయమే లేకుండా పోయింది" అన్నా. నేను పొగడతాండానో తిడతాండానో తెలీక ఎలిపోయినాడు. నాకూ తెలీలా.

ఆ పాత నూనెను కుండకెత్తుకోని అలిపిరికి పోతి. అయ్యోరు మూత తీసి ముక్కు మూసుకున్నాడు. "ఇది మాకెందుకప్పా, కాలు తొక్కని సోట పోసుకో పో" అన్నాడు. కంచె పక్కన గుంత తీసి పోసినా. పైన ముళ్ళకంప ఏసినా.

మొక్కు తప్పినాను గదా, సామికి సెప్పుకోవల్లని నడిచి కొండెక్కినా. కారు లేదు, లైసెన్సు లేదు, ఇంకెట్ల పోయేది? దావలో నేను కారును కాలువలోకి దించిన సోటు కనపడింది. నడిచి పోతా నిలబడి సూస్తే తెలిసిందమ్మా. ఆ రాళ్ళకు రవంత ముందర రోడ్డు తిరగతాది. ఆడ ఏమీ లేదు. నేను స్టీరింగు పట్టుకోనున్నప్పుడు అది నాకు కనపడలా. ఆడే కూసోనుండిపోతి సానాసేపు. నాతో ఎక్కిన జనమంతా ఒకరొకరుగా గుర్తుకొచ్చినారు. సామి దెగ్గిర ఏం సెప్పుకున్నానో అది నీకు సెప్పను.

కారుకు పళ్ళు కొత్తవి ఏసినారు. నూనె పోసినప్పుడు నేనే గరాటు పట్టుకుంటి. తేనె మాదిరి పడింది. దాంట్లో ఇంకేమీ కలపలా. ఇన్‌స్పెక్టరు వచ్చి సూసి లైసెన్సు ఇచ్చి పోయినాడు. నిన్న అట్లే ఖాళీ బండి కొండెక్కించి దించినా. పటకా లేదు. గేరు ఉండమన్న సోటే ఉన్నింది.

ఇంకొకటి. కొత్త పళ్ళు మొదట్లో రవంత పొడి రాలస్తాయంట, మొదటి తూరి నూనె తొందరగా దించెయ్యల్లంట. ఎప్పుడు దించల్లో ఈడ మెకానిక్ ఒకటి సెప్తాండాడు, ఇన్‌స్పెక్టరు ఇంకొకటి సెప్పినాడు. నువ్వు మీ శాంతయ్యను బాగా అడిగి రాయి. నువ్వు ఏది రాస్తే ఆ పొద్దు దించుతా. ఈ తూరి ఇంగ్లీషులో వద్దు, తెలుగులోనే రాయి. మనింటి సంగతి మనకు తెలిస్తే సాలు.

మీ నాయన
పెంచలయ్య